ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. కైలాసగిరి బోడిగా మారింది, విమానాశ్రయం ధ్వంసమైంది, ఊరు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. ఇంతవరకు మనందరికీ గుర్తుంది. అక్కణ్ణుంచి ఆ తుఫాను ఎటు పోయిందో మాత్రం చాలామందికి తెలియదు. బలం తగ్గుతూ ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత, అక్టోబర్ 14న, అది నేపాల్ కొండల్ని తాకింది. బంగాళాఖాతం నుంచి మోసుకెళ్లిన తేమంతా అక్కడ మంచై కురిసింది. అన్నపూర్ణ చుట్టూ నడిచే దారిలో 5,416 మీటర్ల ఎత్తున థోరాంగ్ లా అనే కనుమ ఉంది. దాని మీద నడుములోతు మంచు పడింది. ఆ మంచు తుఫానులో, చుట్టుపక్కల విరిగిపడిన మంచుచరియల కింద 40 మందికి పైగా చనిపోయారు. అందులో విదేశీ ట్రెక్కర్లున్నారు, నేపాలీ గైడ్లున్నారు, జడల బర్రెలు కాసుకునేవాళ్లూ ఉన్నారు. నేపాల్‌లో ట్రెక్కింగ్‌కి అక్టోబర్‌ని మించిన నెల లేదని పేరు.

ఆ రోజు కనుమకి ఇవతల ఫేదీ అనే మజిలీలో, హైక్యాంపులో గదులు వదలకుండా ఉండిపోయినవాళ్లు ఆ తర్వాత కిందికి దిగి ఇళ్లకు చేరారు. తెల్లవారుజామున మంచులోనే బయల్దేరినవాళ్లలో చాలామంది దారి తప్పారు. కనుమ దాటి అవతల ముక్తినాథ్ చేరాలంటే 1,600 మీటర్లు దిగాలి. కళ్లు కనిపించని మంచులో ఆ దిగుడే ప్రాణాలు తీసింది. ఎవరు ఎందుకు బయల్దేరారో బయట కూర్చుని తీర్పు చెప్పడం తప్పు. ఒక్క సంగతి మాత్రం కొండల్లో తిరిగేవాళ్లందరికీ అనుభవమే. మంచు కురుస్తుంటే ఆగడానికి ధైర్యం ఒక్కటే చాలదు. క్యాలెండర్‌లో చోటుండాలి. ఎల్లుండి విమానం ఉన్నవాడికి, సోమవారం ఆఫీసులో హాజరు కావాల్సినవాడికి ఆకాశం ఎలా ఉన్నా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఆ చోటు గురించే. మంచి బూట్ల గురించి, కోట్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రయాణంలో ఒక ఖాళీ రోజు, వీలైతే రెండు, ఇంటి దగ్గరే లెక్కలో పెట్టుకుని బయల్దేరమని గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ.

మేముండేది సికింద్రాబాద్ కార్ఖానాలో. ఇక్కడ మన కాళ్ల కింద నేల సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎత్తు వల్ల వచ్చే అనారోగ్యం సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. తెలంగాణలో అన్నిటికన్నా ఎత్తైన డోలిగుట్ట 965 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో అర్మకొండ 1,680 మీటర్లు. అంటే రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ సాధన చేసినా మన శరీరానికి ఆ ఎత్తు అలవాటయ్యే వీల్లేదు. మౌలాలీ గుట్ట మెట్లు రోజూ ఎక్కి దిగండి, చాలా మంచిది. మోకాళ్లు గట్టిపడతాయి, ఆయాసం తగ్గుతుంది. దిగడం ఎక్కువగా సాధన చేయండి, కొండల్లో మోకాళ్లు అరిగేది దిగేటప్పుడే. అయితే ఆ మెట్లు కాళ్లని తయారు చేస్తాయి, రక్తాన్ని కాదు.

మా కాలనీలో ఒకమ్మాయి ఆ మధ్య అడిగింది. "అంకుల్, నేను రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తుతాను కదా, నాకు కూడా రెస్ట్ డే కావాలా?" కావాలమ్మా, నీకే ముందు కావాలి అన్నాను. బాగా పరిగెత్తేవాళ్లు తమ దమ్ము చూసుకుని తొందరగా పైకి వెళ్లిపోతారు. జబ్బు తెచ్చేది ఆ తొందరే.

గాలిలో ఆక్సిజన్ వంతు కార్ఖానాలోనూ, ఎవరెస్ట్ బేస్ క్యాంపులోనూ ఒకటే, దాదాపు 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. 3,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండొంతులకు, 5,500 దగ్గర సగానికి పడిపోతుంది. ఒక్కో శ్వాసతో లోపలికి వెళ్లే ఆక్సిజన్ ఆ లెక్కనే తగ్గుతుంది. శరీరం ఊరుకోదు. ముందు శ్వాస వేగం పెంచుతుంది. దానివల్ల రక్తంలో మారిన ఆమ్ల క్షార సమతుల్యాన్ని మూత్రపిండాలు రెండు మూడు రోజుల్లో సరిచేస్తాయి. పైకి వెళ్లినప్పుడు మాటిమాటికీ మూత్రం రావడానికి కారణం అదే, భయపడక్కర్లేదు. ఎర్ర రక్తకణాలు పెరగడానికైతే వారాలు పడుతుంది. ఈ పనులేవీ మనం ఎంత కష్టపడితే అంత తొందరగా అయ్యేవి కావు. వాటి గడువు వాటికుంది.

ఈ సంగతి మన దేశం ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. 1962 యుద్ధకాలంలో మైదానాల నుంచి జవాన్లను ఒక్కసారిగా ఎత్తు ప్రాంతాలకు తరలించాల్సి వచ్చింది. శత్రువు తూటా తగలకుండానే ఎందరో మంచం పట్టారు, కొందరు ఊపిరితిత్తుల్లో నీరు చేరి పోయారు. సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికులను పరిశీలించి 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన వ్యాసాన్ని ఈ రంగంలోని వైద్యులు ఇవాళ్టికీ ప్రస్తావిస్తారు. సైన్యం ఇప్పుడు పాటించే పద్ధతి ఇలా ఉంటుంది. 2,700 నుంచి 3,600 మీటర్ల మధ్య ఆరు రోజులు, అందులో మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. ఆ పైన 4,500 వరకు వెళ్లాలంటే ఇంకో నాలుగు రోజులు. దానికీ పైకి అయితే మరో నాలుగు. మాది కంటోన్మెంట్ ప్రాంతం, లేహ్‌లోనో సియాచిన్ దారిలోనో పనిచేసి రిటైరైనవాళ్లు మా వీధుల్లో చాలామంది ఉన్నారు. పొద్దున వాకింగ్‌లో వాళ్లతో మాట్లాడి చూడండి. ఫలానా చోటికి వెళ్లొచ్చానంటే ఎంత ఎత్తు ఎక్కావని అడగరు, ఎన్ని రోజులు ఆగావని అడుగుతారు.

యువకులైన జవాన్లకే అన్ని రోజులు కావాల్సి వస్తే, వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనకెంత కావాలి? సెలవు మీద వెళ్లే మనం అంత సమయం పెట్టలేం, నిజమే. వైద్యులు చెప్పే కనీస సూత్రం ఒకటుంది. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్న రాత్రి పడుకున్న చోటుకన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక పూర్తి రోజు అదే ఊళ్లో ఉండిపోవాలి. పగలు ఎంత ఎత్తుకైనా వెళ్లి రావచ్చు, పడక మాత్రం కిందే. ఎవరెస్ట్ బేస్ క్యాంపు దారిలో 3,440 మీటర్ల నామ్చే బజార్‌లో రెండు రాత్రులు, 4,410 మీటర్ల డింగ్‌బోచేలో రెండు రాత్రులు పెట్టేది ఇందుకే. టూర్ వాళ్లిచ్చే ప్రోగ్రాం కాగితం చేతికి రాగానే ధర చూడకండి. ప్రతి రాత్రి ఎదురుగా ఆ ఊరి ఎత్తు రాసుకుని తేడా లెక్కకట్టండి. అయిదు నిమిషాల పని. 800, 1,000 అని తేడాలు కనిపిస్తే ఆ కాగితం ఎంత చవకైనా పక్కన పెట్టేయండి.

దారి ఎంచుకోవడం కూడా ఇక్కడే తేలిపోతుంది. స్పితి లోయకు వెళ్లాలనుకుందాం. సికింద్రాబాద్‌లో రైలెక్కి ఢిల్లీలో దిగాక రెండు దారులున్నాయి. మనాలీ నుంచి 4,551 మీటర్ల కుంజుమ్ కనుమ దాటి ఒక్క రోజులో కాజా చేరవచ్చు. సుమారు 2,000 మీటర్ల దగ్గర పొద్దున ఇడ్లీ దొరక్క పరాఠా తిని బయల్దేరిన మనిషి రాత్రికి 3,600 దాటిన చోట పడుకుంటాడు. తల పగిలిపోకపోతే అదృష్టమే. రెండోది సిమ్లా, కిన్నౌర్ మీదుగా. సంగ్లా, కల్పా, నాకో, టాబో అంటూ ఊరూరా రాత్రుళ్లు ఆగుతూ వెళ్తే నాలుగైదు రోజులు పడుతుంది. కాజా చేరేసరికి శరీరం సగం పని పూర్తిచేసుకుని ఉంటుంది. అక్కణ్ణుంచి లాంగ్జా, హిక్కిమ్, 4,587 మీటర్ల కోమిక్ ఊళ్ల మధ్య నడుస్తుంటే ఆయాసంతో కాళ్ల వంక చూసుకోవాల్సిన పని ఉండదు, తలెత్తి కొండల్ని చూడొచ్చు. వానాకాలంలో మాత్రం కిన్నౌర్ రోడ్డు మీద కొండచరియలు పడుతుంటాయి. అప్పుడు ఖాళీ రోజు ఒకటి చాలదు, రెండు కావాలి.

తెలుగువాళ్లు ఎక్కువగా కొండలెక్కేది ట్రెక్కింగ్ పేరుతో కాదు, యాత్ర పేరుతో. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. గౌరీకుండ్ 2,000 మీటర్లకు లోపే. పొద్దున బయల్దేరి సాయంత్రానికి గుడి చేరి అక్కడే పడుకుంటే ఒక్క రోజులో 1,600 మీటర్ల తేడా. హెలికాప్టర్‌లో అయితే అది నిమిషాల్లో అయిపోతుంది. మన పెద్దవాళ్లలో కొందరు దర్శనమయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. భక్తి మీద నాకు గౌరవమే. కానీ అమ్మనో అత్తయ్యనో తీసుకెళ్తున్నది మీరైతే దారి పొడుగునా ఏదో ఒకటి తినిపించండి, తాగించండి. తలనొప్పి, వికారం కనిపిస్తే దర్శనం కాగానే కిందికి దించేయండి. కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరగదు. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, అంతే. డబ్బా ఆక్సిజన్ కొన్ని నిమిషాలకు మించి రాదు. ఏదో ఒకటి పీల్చాం కదా అని ఇంకా పైకి నడిపించడం అసలు ప్రమాదం.

జబ్బు గుర్తులు ఇంటిల్లిపాదికీ తెలిసుండాలి, ఎందుకంటే వచ్చినవాళ్లు తమకు వచ్చిందని ఒప్పుకోరు. ఎత్తుకు చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో తలనొప్పి మొదలై, దానికి తోడు తిండి సయించకపోవడం, వాంతి, నీరసం, కళ్లు తిరగడం ఉంటే అది ఎత్తు వల్లనే అనుకోవాలి. ప్రయాణం బడలిక అనో, పడని తిండి అనో సర్దిచెప్పుకోకూడదు. అక్కడే ఆగాలి. ఒకటి రెండు రోజుల్లో తగ్గితే పైకి, తగ్గకపోతే కిందికి.

ఇక రెండు ప్రమాద ఘంటికలున్నాయి. మొదటిది మెదడువాపు. అనుమానం వస్తే మనిషిని ఒక గీత మీద, ముందు పాదం మడమకు వెనక పాదం వేలు తగిలేలా పది అడుగులు నడవమనండి. తూలితే, పక్కకు అడుగు పడితే, అర్ధరాత్రయినా సరే కిందికి దించడం మొదలుపెట్టాలి. రెండోది ఊపిరితిత్తుల్లో నీరు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, విడవని దగ్గు, గులాబీ రంగు నురగ కళ్లె. దీనికీ అదే వైద్యం, వెంటనే దిగడం, దొరికితే ఆక్సిజన్. ఆ మనిషిని ఒంటరిగా దింపకండి, పక్కన ఒకరుండాలి. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సిమీటర్ తీసుకెళ్లండి కానీ, కార్ఖానాలో 98 చూపించింది అక్కడ 87 చూపిస్తే కంగారుపడకండి, 3,500 మీటర్ల పైన అలా ఉండటం మామూలే. అంకె కన్నా మనిషి వాలకం ముఖ్యం. అలాగే రాత్రి నిద్రలో పక్కనున్నవాళ్ల శ్వాస కొన్ని క్షణాలు ఆగి, పెద్ద నిట్టూర్పుతో మళ్లీ అందుకోవడం చూసి చాలామంది హడలిపోతారు. ఎత్తులో నిద్ర అలాగే ఉంటుంది. నిద్రమాత్రలు, మద్యం ఆ రోజుల్లో తాకకపోతే చాలు. డయామాక్స్ అనే అసిటజోలమైడ్ మాత్ర అలవాటుపడటానికి సాయం చేస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు ఉంటారు కాబట్టి డాక్టర్ని అడిగే వాడాలి. ఆ మాత్ర వేసుకున్నాం కాబట్టి ఖాళీ రోజు అక్కర్లేదనుకోవడం మాత్రం పొరపాటు.

వాతావరణం సంగతికొద్దాం. కొండల్లో రోజు రెండు ముక్కలు. పొద్దున ఆకాశం కడిగినట్టుంటుంది. ఎండకి వాలులు వేడెక్కి, లోయలోని తేమగాలి పైకి లేచి, మధ్యాహ్నానికి మబ్బు కట్టి, సాయంత్రానికి వానో వడగళ్లో పిడుగులో. అందుకే కనుమ దాటాలంటే చీకటితో లేచి, మధ్యాహ్నంలోపు అవతల పక్క దిగిపోవాలి. ప్రతి 1,000 మీటర్లకు వేడి ఆరు డిగ్రీలకు పైగా తగ్గుతుంది, దానికి తడి, గాలి తోడైతే ఎండాకాలంలో కూడా మనిషి చలికి చనిపోవచ్చు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వెళ్లిన బృందం మంచు తుఫానులో చిక్కుకుంది, తొమ్మిది మంది చనిపోయారు. ఇక్కడ మనం ఫ్యాన్ కింద చెమటలు కక్కే నెల అది. ఒంటికి అంటుకుని ఉండే బట్ట నూలుది వద్దు, తడిస్తే ఆరదు. బ్యాగు లోపల పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి, పొడి బట్టలు, పొడి సాక్సులు ఒక జత అందులో కట్టేసి, రాత్రికి తప్ప ముట్టుకోకండి. వణుకుతున్నవాడి గురించి కంగారు పడండి, వణుకు ఆగిపోయి మాట ముద్దగా వస్తున్నవాడి గురించి ఇంకా కంగారు పడండి.

ఫోన్‌లో వాతావరణ సూచన చూడండి. దాంతోపాటు బంగాళాఖాతాన్ని కూడా చూడండి. అక్టోబర్, నవంబర్లలో అక్కడ వాయుగుండం పుడితే భారత వాతావరణ శాఖ రోజుకు నాలుగైదుసార్లు దాని దారి చెబుతుంది. టీవీలో మనం ఒంగోలు, కాకినాడ పేర్ల దగ్గర వినడం ఆపేస్తాం. తీరం దాటాక అది ఎటు తిరుగుతుందో కూడా ఆ సూచనలోనే ఉంటుంది, కొండకు వెళ్లేవాడు ఆ మిగతా సగం వినాలి.

అంతకన్నా నమ్మకమైన సూచన ఊళ్లో ఉంటుంది. మీరు పడుకున్న ఇంటి పెద్దావిడ పశువుల్ని ఇవాళ పైకి తోలిందా, ఇంటి దగ్గరే కట్టేసిందా? కప్పు మీద ఆరబెట్టిన గడ్డిని, గింజల్ని లోపలికి చేరుస్తోందా? అడగండి. "వాన పడుతుందా" అని అడిగితే మర్యాదకి ఏదో ఒకటి చెప్తారు. "మీ అబ్బాయైతే ఇవాళ కనుమ దాటనిస్తావా అమ్మా" అని అడిగితే ఆలోచించి చెప్తారు. దుబాసీగా గైడ్ ఉంటే ఆ ప్రశ్న అలాగే అడగమనండి. ఇలాంటి మాట బయటికి రావాలన్నా ఊళ్లో కాస్త సమయం గడపాలి. చీకటి పడ్డాక వచ్చి తెల్లారకముందే వెళ్లిపోయేవాడికి ఎవరేం చెప్తారు?

అందుకే ఖాళీ రోజుని వృథా అనుకోవద్దు. ఆ రోజు ఊరి పైన గుట్ట దాకా వెళ్లి రండి. వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని, వాళ్లు పెట్టిన థుక్పానో పప్పన్నమో తిని, మీరు తెచ్చుకున్న కందిపొడి కొంచెం వాళ్లకూ పెట్టండి. నీళ్లు దూరం నుంచి మోసుకొస్తారు, పుల్లలు కూడా అంతే, రోజూ వేడినీళ్ల స్నానం అడగకండి. రాళ్లు పేర్చిన ప్రార్థన గోడలు దారిలో వస్తే అవి మీ కుడిచేతి వైపు ఉండేలా నడవండి. ఉన్నదానికి డబ్బు బేరమాడకుండా ఇవ్వండి, అక్కడికి కిలో బియ్యం చేరడానికి ఎంత ఖర్చో ఆలోచిస్తే బేరం నోట రాదు.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. భువనగిరి కోట రాతి మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లద్దాఖ్ దాకా నెలల తరబడి సాగింది, ఆ తర్వాత యాత్రే 52 రోజులు పట్టింది. శిఖరం మీద ఉన్న ఫొటో అందరూ చూశాం. ఆ 52 రోజుల్లో ఎక్కువ భాగం ఎక్కడం కాదు, ఎక్కి దిగి, ఆగి, ఆకాశం తేటపడేదాకా గుడారంలో ఎదురుచూడటం. పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు ఆ భాగం వదిలేయకండి.

మల్లి మస్తాన్ బాబు పేరు తలుచుకోకుండా తెలుగులో ఈ విషయం రాయలేను. నెల్లూరు జిల్లా గాంధీ జనసంగం నుంచి వచ్చి, 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మనిషి. 2015 మార్చి 24 తర్వాత ఆండీస్ పర్వతాల్లో ఆయన నుంచి కబురు ఆగిపోయింది. వాతావరణం విషమించింది, వెతికేవాళ్లకి కూడా రోజుల తరబడి దారి దొరకలేదు. ఏప్రిల్ 3న మృతదేహం కనిపించింది. అంతటి నిపుణుణ్ణి కూడా కొండ బలి తీసుకుంది. ఆయనకున్న అనుభవంలో నూరోవంతు లేని మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో వేరే చెప్పాలా?

కనుక వెనక్కి తిరగడం గురించిన నిర్ణయం పైన తీసుకోకండి, ఇంట్లో తీసుకోండి. ఆక్సిజన్ తక్కువైన మెదడు తనకు కావాల్సిందే నిజమని వాదిస్తుంది. ఒక కాగితం మీద రాయండి. ఎన్ని గంటలకల్లా కనుమ చేరకపోతే తిరిగి వస్తాం, ఎవరికి ఏ లక్షణం వస్తే అందరం ఆగుతాం, బృందంలో ఒక్కరు వద్దంటే చాలా లేక అందరూ అనాలా. ఒక్కరు చాలు అని రాయమంటాను నేను. కింద అందరూ సంతకాలు పెట్టండి. ఆ కాగితం అందరిలోకి నెమ్మదిగా నడిచే మనిషి దగ్గర ఉంచండి.

సెలవు అడిగేటప్పుడు కూడా ఇదే లెక్క. ఎనిమిది రోజుల ట్రెక్ అయితే పది రోజులకి అర్జీ పెట్టండి. తిరుగు టికెట్ మార్చుకునే వీలున్నదే కొనండి, కాస్త డబ్బు ఎక్కువైనా. ఖాళీ రోజులు వాడకుండా మిగిలిపోతే ఇంటికొచ్చి నిద్రపోండి, బట్టలు ఉతుక్కోండి.

ఇంట్లోవాళ్లకి చెప్పే తేదీ ఖాళీ రోజులు కూడా కలిపిన ఆ చివరి తేదీయే అయ్యుండాలి. లద్దాఖ్, కశ్మీర్‌లలో మన రాష్ట్రం ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. అదున్నా చాలా ఊళ్లలో రోజుల తరబడి సిగ్నల్ ఉండదు. శుక్రవారం ఫోన్ చేస్తానని చెప్పి వెళ్తే, శుక్రవారం సాయంత్రం నుంచి ఇక్కడ అమ్మకి అన్నం సయించదు, అక్కడ మీకు ఆ ఫోన్ కోసమే మబ్బులో దిగాలనిపిస్తుంది. ఆదివారం రాత్రి దాకా చూడండి, అప్పటికీ కబురు లేకపోతే ఈ నంబర్లకు ఫోన్ చేయండి అని చెప్పండి. గైడ్ నంబరు, చివరి ఊళ్లో లాడ్జి నంబరు, అక్కడి జిల్లా పోలీసు కంట్రోల్ రూమ్ నంబరు, రోజుకో ఊరి పేరు, అన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించి వెళ్లండి.